పదికి ఆరు

ఆ కేసుషీటు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పదిహేడు వాక్యాలు. వాటి మీద నా ఎర్రపెన్ను గీతలు పంతొమ్మిది. పదికి ఆరు మార్కులు వేసి, "అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగొద్దు" అని కింద రాసి, తారీఖు వేసి సంతకం పెట్టాను. ఏప్రిల్ ఇరవై నాలుగు.

తప్పులు పట్టడం నాకు చిన్నప్పటి జబ్బు. ఎవరైనా పెళ్లిపత్రిక ఇస్తే పెళ్లికొడుకు పేరు కంటే ముందు అచ్చుతప్పు కనపడుతుంది. "నీకు అన్నంల రాయి గూడ ఎర్రపెన్నుతోనే కనవడ్తది," అని మా ఆయన సదానందం వెక్కిరిస్తుంటాడు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో పదకొండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లలంతా చొప్పదండి, హుజూరాబాద్, సిరిసిల్ల చుట్టుపక్కల నుంచి వస్తారు. బీడీలు చుట్టే ఇళ్ల పిల్లలు, మరమగ్గాల ఇళ్ల పిల్లలు. కాన్పు దగ్గర నిలబడమంటే జంకరు. డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి, పేషెంటు సంగతి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పమంటే మాత్రం చెమటలు పడతాయి. ఒకమ్మాయి "సార్, సార్" అని రెండుసార్లు అని ఫోను పెట్టేసిందట. ఆ డాక్టరు మా స్కూలు మీద వేసిన జోకు ఊరంతా తిరిగి నా దాకా వచ్చింది.

ఆ రోషంతోనే మొన్నటి ఎండాకాలం ఒక కొత్త పద్ధతి పెట్టాను. క్లాసు పక్క గదిలో ఒక మంచం, దానికి ఆకుపచ్చ పరదా. పరదా వెనక పేషెంటు వేషంలో ఒకరు పడుకుంటారు. విద్యార్థి లోపలికి పోయి తెలుగులో అన్నీ అడిగి, బయటికొచ్చి ఇంగ్లీషులో కేసుషీటు రాసి, నన్నే డాక్టరు అనుకుని చదివి వినిపించాలి. ఏ రోగమో ముందే కార్డు మీద రాసి పేషెంటుకు ఇస్తాను. పేషెంటు చెప్పే మాటలు మూడో మనిషి చెవిన పడకూడదని కూడా నియమం పెట్టాను. ఆ నియమం మీద నాకు చాలా గర్వంగా ఉండేది.

చిక్కల్లా పేషెంటుతోనే వచ్చింది. పిల్లల్లోనే ఒకరిని పడుకోబెడితే ఇద్దరూ కిసకిసా నవ్వుకోవడం తప్ప పని జరగలేదు. అప్పుడు మా అవ్వను, అంటే మా అమ్మను, తీసుకుపోయాను.

మా అవ్వ దేవవ్వ. చెన్నూరు అవతల గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో చిన్నమ్మ యాదవ్వతో కలిసి ఉండేది. నలభై ఏళ్లు మంత్రసాని పని చేసింది. ఊళ్లో కాన్పులన్నీ దవాఖానకు పోయాక కూడా, నొప్పులు పడే ఆడవాళ్ల వెంట అంబులెన్సు ఎక్కేది. ఉగాది వెళ్లిన వారానికి, కళ్లు మసకగా ఉన్నాయంటూ మా ఇంటికి వచ్చింది. కంటి డాక్టరు చూసి, తొందరేం లేదు, ఎండలు తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నాడు. ఆ మాట విన్నాక కూడా అవ్వ ఊరికి పోతానని అనలేదు. కోళ్లను వదిలి రెండు రోజులు ఉండని మనిషి నెల దాటినా నా దగ్గరే ఉంది. ఎందుకుందో అడగలేదు. బిడ్డ మీద ప్రేమ అనుకుని సంబరపడ్డాను.

మొదటిరోజు కార్డు: ఏడు నెలల గర్భిణి, కాళ్ల వాపులు. అరవై రెండేళ్ల మా అవ్వ నా పాత చీర ఉండచుట్టి కడుపు మీద కట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని మంచమెక్కింది. లోపలికి పోయిన పిల్ల భయంభయంగా గోడకు ఆనుకుని నిలబడిందట. పరదా అవతల నుంచి అవ్వ గొంతు మా క్లాసు దాకా వినిపించింది.

"గంత దూరం నిలవడి అడుగుతే ఎవలు చెప్తరే? దగ్గరికి రా. చెయ్యి వట్టుకో ముందుగాల!"

పిల్లలు పడీపడీ నవ్వారు. వారం తిరిగేసరికి అందరికీ అమ్మమ్మ అయిపోయింది. ఒకరు జామకాయలు తెస్తే ఇంకొకరు మజ్జిగ తెచ్చారు. క్లాసు అయిపోయాక అవ్వ వాళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని తన చదువు తాను చెప్పేది.

"ఆడిది ఒక్కపారి అడుగుతే ఏం లేదంటది బిడ్డా. రెండోపారి అడుగుతే సగం చెప్తది. మూడోపారి అడుగుతేనే కడుపులది బయటవెడ్తది. నేను నలభై ఏండ్లు గట్లనే అడిగిన."

"గట్ల నేర్పకవ్వా," అన్నాను నేను. "ప్రాక్టికల్స్‌ల పదిహేను నిమిషాలే టైము. ఒకటే ప్రశ్న మూడుసార్లు అడుగుతే మార్కులు పోతయ్."

"పోతె పోనియ్. మార్కులకేంది, మళ్ల అస్తయ్," అంది అవ్వ. పిల్లలు నా మొహం చూసి నవ్వు ఆపుకున్నారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం తింటున్నాం. సదానందం పప్పు కలుపుకుంటున్నాడు. అవ్వ ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా వేళ్లతో అటూ ఇటూ జరుపుతోంది.

"వనజా, మా ఊరి లస్మవ్వ ఎర్కేనా నీకు? గామెకు ముట్టు ఆగి పదేండ్లయినంక మళ్ల..."

"అన్నం కాడ గవేం ముచ్చట్లవ్వా!" అన్నాను. కళ్లతోనే మా ఆయన వైపు చూపించాను.

"చెప్పనియ్యరాదు, నాకేమైతది," అన్నాడు సదానందం.

"లే అల్లుడా, మర్శిన," అంది అవ్వ. తర్వాత ఆమె తిన్నది రెండు ముద్దలే. ఎండకు ఆకలి చచ్చిందనుకున్నాను.

నిజం చెప్పాలి. మా ఇంట్లో ఆ ముచ్చట్లు మాట్లాడకూడదని నియమం పెట్టింది నేనే. నాకు పన్నెండేళ్లు అప్పుడు. బడిలో నన్ను మంత్రసాని బిడ్డ అని పిలిచేవారు. కాన్పు చేసి వచ్చిన అవ్వ ఎంత పసుపు రుద్దుకుని స్నానం చేసినా నా జడ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు ఏడ్చి గోలపెట్టి, నువ్వు చేసే పని ముచ్చట ఇంట్లో ఎత్తితే బడికి పోనన్నాను. అవ్వ ఆ మాటకు ముప్పై ఏళ్లు కట్టుబడి ఉంది. ఒక్క ఆదివారం మాత్రమే తప్పబోయింది.

ఆ ఆదివారం తర్వాత నాలుగు రోజులకు సృజన వంతు వచ్చింది. సృజన సిరిసిల్ల పిల్ల. ఇంట్లో పొద్దస్తమానం మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది. మెల్లగా మాట్లాడమని రోజుకు పదిసార్లు చెప్పేదాన్ని. ఆ రోజు కార్డు: అరవై ఏళ్ల మనిషి, బీపీ, కళ్లు తిరగడం. పొద్దున ఇంట్లోనే అవ్వకు చదివి వినిపించాను. "బీపీయేనా," అంది. "ఔ, అల్కటిదే, నీకు కష్టం గాదు," అన్నాను.

సృజన లోపలికి పోయి పదిహేను నిమిషాలైంది. ఇరవై అయింది. ముప్పై అయిదో నిమిషాన బయటికొచ్చింది. ఎవరినీ చూడకుండా మూలకు కూర్చుని రాసింది. చదవమంటే, ఎప్పుడూ లేనిది, వినీవినపడనట్టు చదివింది.

"జోర్‌గా చదువు. డాక్టర్‌కు వినవడాలె," అన్నాను.

ఆమె ఇంగ్లీషులో రాసింది ఇది. పేషెంటు వయసు అరవై రెండు. నెలసరి ఆగి పద్నాలుగేళ్లు. ఎనిమిది నెలలుగా అప్పుడప్పుడు రక్తం కనపడుతోంది, రెండు నెలలుగా ఎక్కువైంది. నడుములో నొప్పి, అది తొడల దాకా దిగుతుంది. అన్నం వాసన పడదు. జాకెట్లు వదులయ్యాయి. మొదట అడిగితే ఏమీ లేదన్నది. రెండోసారి నడుమునొప్పి అన్నది. మూడోసారి అడిగితే ఇదంతా చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. పేషెంటుకు ఒక కూతురు ఉంది. కూతురికి చెప్పడానికి సిగ్గుపడుతోంది.

నేను పెన్ను మూత తీశాను.

"కార్డుల బీపీ అని ఉన్నది కదా?"

"అమ్మమ్మ గిట్లనే చెప్పింది మేడమ్."

"అమ్మమ్మకు నటన ఎక్కువైంది. ఊర్ల ఎవలదో కేసు యాదికొచ్చి చెప్పుంటది," అని నవ్వాను. క్లాసంతా నవ్వింది. సృజన నవ్వలేదు. గీతలు గీసి, మార్కులు వేసి ఇచ్చాక కూడా బల్ల దగ్గరే నిలబడింది.

"మేడమ్, అమ్మమ్మకు..."

"మార్కుల గురించి అడగొద్దు. ఇంటికి వోయి తప్పులు దిద్దుకో."

ఆ సాయంత్రం ఇంట్లో బియ్యం ఏరుతూ అవ్వ అడిగింది. "గా సిరిసిల్ల పిల్ల రాసింది సదివినవా?"

"సదివినవ్వా. నువ్వేమో బీపీ ఇడిసిపెట్టి ఏదో చెప్పినవ్. పిల్ల పరేషాన్ అయింది."

"అంతా సదివినవా?"

"అంతా సదివి దిద్దిన. ఆరు మార్కులేసిన."

అవ్వ చేతులు చాటలోనే ఆగిపోయాయి. "ముచ్చట మంచిగనే రాసిందా మరి?"

"నేను ముచ్చట సూడనవ్వా, భాష సూస్త."

"గట్లనా," అంది. మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను మిగతా షీట్లు ముందేసుకున్నాను.

తర్వాత అవ్వ మూడు రోజులు వచ్చింది. కార్డులో ఉన్నదే చెప్పింది, ఒక్క మాట ఎక్కువ లేదు. మే నెల మొదట్లో ఊరికి పోతానంది. కోళ్లు ఎట్లున్నాయో, చిన్నమ్మ ఒక్కతే ఉందంది. బస్టాండ్‌కు తీసుకుపోయి మంచిర్యాల బస్సు ఎక్కించాను. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "పిల్లలకు అడుగుడు నేర్పు బిడ్డా," అంది. బస్సు కదిలేదాకా చెయ్యి వదల్లేదు. ఎండ మండిపోతోంది, నాకు ఇంటికి పోవాలనిపించింది. ఆ సంగతి కూడా రాయకపోతే తప్పవుతుంది.

జూన్ మొదటివారంలో, ప్రసూతి వార్డులో డ్యూటీలు ముగించుకుని పిల్లలు స్కూలుకు తిరిగి వచ్చారు. స్టాఫ్ గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు సృజన వచ్చింది.

"మేడమ్, అమ్మమ్మకు ఏ దవాఖానల చూపిచ్చిండ్రు?"

"కండ్లకా? ఇంక చేపియ్యలే."

"కండ్లకు కాదు మేడమ్." ఆమె పెద్ద గొంతు సన్నగా అయిపోయింది. "వార్డుల ఒకామె అచ్చింది. అచ్చం అమ్మమ్మ చెప్పినట్టే. గర్భసంచి క్యాన్సర్ అన్నరు. అమ్మమ్మకు మందులు నడుస్తున్నయా అని..."

"సృజనా, గది వేషం. కార్డు."

"కాదు మేడమ్. నేను మూడుసార్లు అడిగిన. మూడోపారి నా చెయ్యి వట్టుకొని ఏడ్శింది. నీళ్లు తాగిచ్చిన. 'రాయి బిడ్డా, మీ మేడమ్ సదువుతది' అన్నది." సంచిలోంచి షీటు తీసి నా ముందు పెట్టింది. "నేను రాసిన గదా మేడమ్. మీకు ఎర్కైందనే అనుకున్న. మీరు సంతకం వెట్టిండ్రు."

నా సంతకం నాకే కనపడింది. చక్కని సంతకం. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. షీటు మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు మృగశిర కార్తె. చెన్నూరులో దిగి ఆటో మాట్లాడుకుని పోయేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని బూడిద రాసి చేపలు తోముతోంది. నెలరోజుల్లో సగమైంది. నన్ను చూసి, "మిరుగం నాడు మంచిగ అచ్చినవ్. చేపలు తిందువు," అంది.

పక్కన చతికిలబడ్డాను. బూడిద చెయ్యి పట్టుకున్నాను. దగ్గరగా ఎలా కూర్చోవాలో, చెయ్యి ఎలా పట్టుకోవాలో ఆమే నేర్పింది, నా క్లాసులో.

"ఏమైతందవ్వా?"

"ఏం లేదు బిడ్డా. ఎండకు ఎవలైనా గిట్లనే ఉంటరు."

"ఏమైతంది?"

"నడుము జర గుంజుతంది."

నేను ఆమె వేళ్ల మీది బూడిద తుడిచాను. అవ్వ నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. తొందరపెట్టలేదు. చివరికి మూడోసారి అడిగాను.

అవ్వ లేచి, నీళ్ల తొట్టి దగ్గరికి పోయి రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"గా పిల్ల మంచిగనే రాసింది గదా. ఒక్కటి దాయలే నేను."

"నాకు చెప్పొద్దా అవ్వా? ఒక్కమాట నాకు చెప్పొద్దా?"

"నీకే చెప్పిన బిడ్డా," అంది.

నేను ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది, కాన్పు నొప్పులు పడే మనిషిని నిమిరినట్టు, కింది నుంచి పైకి. "గిది ఏందో నాకు ఎర్కలేదా? ఎందరినో దవాఖానకు తోలిచ్చిన. నాకాడికొచ్చేసరికి నన్ను తోలిచ్చేటోళ్లు లేకపాయె," అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. చిన్న వయసు డాక్టరు, తెలుగు అంతంతమాత్రం. ఎప్పటినుంచి, ఏమిటి, ఎలా అని అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క తప్పు లేదు. ఎక్కడా ఆగలేదు. సృజన రాసిన వరుసలోనే, గీతలు లేకుండా చెప్పాను. మీరూ డాక్టరేనా అని అడిగాడు. ఇంగ్లీషు టీచర్నన్నాను. ఇంతకు ముందు ఎవరూ కేసు రాయలేదా అంటే షీటు తీసి ఇచ్చాను. ఆ కుర్రాడు ఎర్రగీతలు చూశాడు, తారీఖు చూశాడు, మడతపెట్టి తిరిగి ఇచ్చాడు.

రిపోర్టులు వచ్చాయి. గర్భసంచి దాటి మూత్రపిండాల దాకా పోయింది. ఏప్రిల్‌లో వచ్చి ఉంటే బతికేదా అని అడిగాను. "చెప్పలేమమ్మా," అన్నాడు. ఆ డాక్టరు మంచివాడు, నా మొహం చూసి ఆ మాట అన్నాడేమో. అప్పుడొచ్చినా లాభం లేదు అని చెప్పి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

అవ్వను కరీంనగర్ తెచ్చుకున్నాం. సదానందం ముందుగదిలో టీవీ తీసేసి అక్కడ మంచం వేశాడు. ఇక అన్నం ఆ మంచం పక్కనే కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఒకరోజు తన కంచంలోంచి తలెత్తి, "అత్తమ్మా, ఆనాడు లస్మవ్వ ముచ్చట సగంల ఆపినవ్. ఏమైంది గామెకు?" అన్నాడు.

అవ్వ నా వైపు చూసింది. "చెప్పవ్వా," అన్నాను.

"ఏమైతది? ముట్టు ఆగినంక మళ్ల ఎర్రవడ్డది. మూడుపార్లు అడుగుతె చెప్పింది. మంచిర్యాల దవాఖానకు నేనే తీస్కపోయిన. గర్భసంచి తీసేసిండ్రు. తొమ్మిదేండ్లాయె. మొన్న గూడ పత్తికి కూలి పోయింది. నాకంటె గట్టిగున్నది."

సదానందం ముద్ద కంచంలో పెట్టేశాడు. నేను వంటింట్లోకి పోయి నల్లా తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా ఏడ్చాను. ఆ ఆదివారం రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే ఆ ముచ్చట నా దాకా వచ్చేది.

వర్షాలు పడ్డాయి. సృజన వారానికి రెండుసార్లు వచ్చి అవ్వకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, తల దువ్వి పోయేది. షీటు నా దగ్గరే ఉంది. ఆరు కొట్టేసి పది వేద్దామని రెండుసార్లు పెన్ను తీశాను. వేయలేదు. దిద్దుకుంటే నాకు తేలికైపోతుంది.

రోజూ పొద్దున అవ్వ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని మూడుసార్లు అడిగేదాన్ని. మొదటిసారి ఏం లేదనేది. రెండోసారి, నొప్పి ఎక్కడుందో చెప్పేది. మూడోసారికి ఒక్కోరోజు ఒక్కో సంగతి చెప్పేది. బిడ్డ పుట్టాక మాయ పడక ఒక తల్లి తన చేతుల్లోనే పోయిన సంగతి. నా మీద ప్రాణమంతా పెట్టుకుని కూడా నా జడ వేయలేకపోయిన సంగతి. ఆ రోజు నుంచి అవ్వ చేతిని తీసి నా తల మీద పెట్టుకునేదాన్ని. జడ వేయడానికి వేళ్లలో బలం లేదు. ఊరికే పెట్టి ఉంచేది.

శ్రావణం చివర ఒక పొద్దున, సదానందం పాలకు పోయాడు. నేను చెయ్యి పట్టుకుని, "ఏమైతందవ్వా?" అని అడిగాను. ఎప్పటిలా ఏం లేదనలేదు. రెండోసారి అడిగాను. మూడోసారి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. నాలుగోసారి కూడా అడిగాను.